దేశ ఇంధన మోడల్‌లో గ్రీన్ హైడ్రోజన్, సింథటిక్ ఇంధనాల లెక్క ఎలా కట్టాలి

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. సౌర, పవన విద్యుత్ లాంటి శుభ్రమైన కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్‌నే గ్రీన్ హైడ్రోజన్ అంటారు. దాన్ని 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారు చేయాలన్నది లక్ష్యం. ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి చేసే పెట్రోల్, విమాన ఇంధనం లాంటివి సింథటిక్, అంటే కృత్రిమ ఇంధనాలు. అంతకుముందే, 2021లో గ్లాస్గో సదస్సులో, 2070కి నెట్ జీరో చేరతామని మన దేశం ప్రకటించింది. 2030కీ 2070కీ మధ్య ఏ రంగానికి ఎంత హైడ్రోజన్ వెళ్లాలి, దానికి ఎంత కరెంటు కావాలి, ఎక్కడ తయారు చేయాలి? వీటికి ఊహలతో జవాబు రాదు. దేశ ఇంధన వ్యవస్థను కంప్యూటర్‌లో లెక్కల రూపంలో పెట్టి, అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారి వెతికే మోడల్ కట్టి చూసుకోవాలి. ఎం.టెక్ ప్రాజెక్టు కోసమో, విధాన పరిశోధన కోసమో ఈ పని మొదలుపెడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. పైథాన్ కొద్దిగా వచ్చి, మామూలు ల్యాప్‌టాప్ ఉంటే సరిపోతుంది.

ముందే ఒక మాట. హైడ్రోజన్‌ను మోడల్‌లోకి బలవంతంగా నెట్టకండి. ఒక యూనిట్ సోలార్ కరెంటు పుడితే, దాన్ని ఇంటి ఏసీ అడుగుతుంది, రైలింజన్ అడుగుతుంది, బ్యాటరీ కారు అడుగుతుంది, నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ కూడా అడుగుతుంది. వాటన్నిటితో పోటీ పడి హైడ్రోజన్ ఎక్కడ నెగ్గుతుందో చెప్పడమే దేశవ్యాప్త మోడల్ పని. ఎక్కడ ఓడిపోతుందో చెప్పడం కూడా దాని పనే.

ముందు ప్రశ్న రాసుకోండి

కోడ్ తెరవకముందే మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. "భారత్‌లో హైడ్రోజన్ భవిష్యత్తు" ప్రశ్న కాదు. "2040లో విద్యుత్ రంగం ఉద్గారాలు సగానికి తగ్గాలంటే, ఎరువులకీ ఉక్కుకీ గ్రీన్ హైడ్రోజన్ వాడడం వల్ల మొత్తం ఖర్చు ఎంత పెరుగుతుంది?" అనేది ప్రశ్న. ఏ సంవత్సరం, ఏ రంగాలు, ఏ పరిమితి, ఏ కొలమానం, ఈ నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి. మోడల్ ఎంత వివరంగా ఉండాలో ఆ వాక్యమే తేలుస్తుంది.

కాగితం మీద లెక్క వేయండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. కంప్యూటర్ ఇచ్చే జవాబు నమ్మదగినదో కాదో తెలియాలంటే, జవాబు సుమారుగా ఎంత ఉండాలో మీకు ముందే తెలిసి ఉండాలి.

కిలో హైడ్రోజన్ తయారీకి నేటి ఎలక్ట్రోలైజర్లు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు తీసుకుంటాయి. ఇక్కడ 52 అనుకుందాం. ఆ కిలోలో మనకు దొరికే శక్తి 33.3 యూనిట్లు. అంటే సామర్థ్యం 64 శాతం. ఒక జాగ్రత్త: కొన్ని పత్రాలు 33.3కి బదులు 39.4 వాడతాయి. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలోని వేడిని కూడా అందులో కలుపుతారు. రెండూ సరైనవే, కానీ ఒకే మోడల్‌లో కలిపితే 18 శాతం తేడా చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఒకదాన్ని ఎంచుకుని, డేటా షీట్ పైనే రాసి పెట్టండి.

ఇప్పుడు మిషన్ లక్ష్యాన్నే పరీక్షిద్దాం. 50 లక్షల టన్నులకు 52 చొప్పున 26,000 కోట్ల యూనిట్లు. దేశం మొత్తం ఏడాదికి ఉత్పత్తి చేసే కరెంటు సుమారు 1.8 లక్షల కోట్ల యూనిట్లు కాబట్టి, ఇది అందులో ఏడో వంతు. మిషన్‌తో పాటు 125 గిగావాట్ల కొత్త సౌర, పవన విద్యుత్ వస్తుందన్నారు. సగటున 25 శాతం సమయం పూర్తి స్థాయిలో నడిచినట్టు లెక్కేస్తే అది ఏడాదికి 27,400 కోట్ల యూనిట్లు ఇస్తుంది. రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోయాయి.

ఇదే పద్ధతిలో మన పక్కనున్న ప్రాజెక్టునూ చూడొచ్చు. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దానితో చేసే 7,500 టన్నుల ఇతర ఉత్పత్తులు అన్నారు. అమ్మోనియాలో బరువు ప్రకారం 17.8 శాతం హైడ్రోజన్ ఉంటుంది. 1,500 టన్నులూ అమ్మోనియాకే పోతే 8,400 టన్నులు వస్తుంది. మిథనాల్‌కే పోతే దాదాపు 8,000. విమాన ఇంధనానికే పోతే 3,500 టన్నులు దాటదు. కాబట్టి 7,500 అనే అంకె విన్నప్పుడు, అదంతా విమాన ఇంధనమే అయి ఉండదని కాగితం మీదే తెలిసిపోతుంది.

మిగతా ఉత్పత్తులకు కావలసిన నిష్పత్తులు రసాయన సమీకరణాల్లోనే ఉన్నాయి. టన్ను మిథనాల్‌కు 188 కిలోల హైడ్రోజన్, 1,375 కిలోల కార్బన్ డయాక్సైడ్. వాయువులను ద్రవ ఇంధనంగా మార్చే ఫిషర్-ట్రాప్ష్ పద్ధతిలో టన్ను ద్రవ ఇంధనానికి 430 కిలోల హైడ్రోజన్, 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్‌ను హైడ్రోజన్‌తో టన్ను తీయడానికి 50 నుంచి 55 కిలోలు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ థర్మల్ కేంద్రంలో రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే యూనిట్‌కు 10 టన్నుల మిథనాల్ ప్లాంటును జత చేశారు. 10 టన్నులకు కనీసం 13.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి, మార్గమధ్యంలో కొంత పోతుంది కాబట్టి 20 అనే అంకె అర్థవంతంగానే ఉంది. బయట వినే ప్రతి అంకెనూ ఇలా ఒకసారి సరిచూసే అలవాటు చేసుకోండి.

నీటి గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, అదీ తేల్చేయండి. కిలోకు రసాయనికంగా 9 లీటర్లు. శుద్ధి, చల్లార్చడం కలిపితే 20 నుంచి 30 లీటర్లు. 50 లక్షల టన్నులకు ఇది మూడున్నర నుంచి అయిదు టీఎంసీలు. దేశం లెక్కలో చిన్నది, కరవు మండలంలో పెద్దది. తీరంలో అయితే సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి ఘనపు మీటరుకు 3, 4 యూనిట్లు చాలు. 52 యూనిట్ల పక్కన అది కనిపించదు కూడా. అందుకే నీటిని జాతీయ పరిమితిగా కాకుండా, జిల్లా స్థాయి పరిమితిగా పెట్టండి.

గిరాకీని సేవ రూపంలో రాయండి

"ఇంత హైడ్రోజన్ కావాలి" అని మోడల్‌కు చెప్పకండి. ఇంత యూరియా, ఇంత ఉక్కు, ఇన్ని టన్నుల సరుకు రవాణా, ఇంత విమాన ప్రయాణం కావాలి అని చెప్పండి. ప్రతిదానికీ రెండు మూడు దారులు ఇవ్వండి. లారీకి డీజిల్, బ్యాటరీ, హైడ్రోజన్ మూడూ ఇస్తే మోడల్ ఎంచుకుంటుంది. హైడ్రోజన్ ఒక్కటే ఇస్తే అదే ఎంచుకుంటుంది, దాని నుంచి మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక స్థూలమైన పోలిక ముందే తెలిసి ఉండాలి. 100 యూనిట్ల సోలార్ కరెంటు బ్యాటరీ కారులో చక్రాల దాకా 75 వరకు చేరుతుంది. హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ కారులో 30 చుట్టూ. అదే కరెంటుతో కృత్రిమ పెట్రోల్ చేసి మామూలు ఇంజన్‌లో కాల్చితే 15 దగ్గర ఆగిపోతుంది. మీ మోడల్ కార్లకు సింథటిక్ పెట్రోల్ ఎంచుకుంటే, ఆనందపడే ముందు ఎక్కడో తప్పు ఉందని వెతకండి.

విమానాలది వేరే సంగతి. దూరప్రయాణపు విమానాన్ని బ్యాటరీ మోయలేదు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం సుస్థిర ఇంధనం కలపాలని మన ప్రభుత్వం సూచిక లక్ష్యాలు పెట్టుకుంది. యూరప్ అయితే 2030 నుంచి కృత్రిమ ఇంధనానికి ప్రత్యేక వాటా కూడా తప్పనిసరి చేసింది. మన దేశం ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల విమాన ఇంధనం వాడుతుంది. మొత్తం కృత్రిమంగా చేయాలంటే 39 లక్షల టన్నుల హైడ్రోజన్, 20,000 కోట్ల యూనిట్ల కరెంటు, 280 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అందుకే వాడేసిన వంటనూనె, వ్యవసాయ వ్యర్థాలు, ఎథనాల్ నుంచి చేసే విమాన ఇంధనాలను కూడా మోడల్‌లో పక్కన నిలబెట్టండి.

ఎగుమతి గిరాకీని విడిగా ఉంచండి. కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటును ఎక్కువగా విదేశీ మార్కెట్ కోసం కడుతున్నారు. మోడల్‌ను ఎగుమతితో ఒకసారి, ఎగుమతి లేకుండా ఒకసారి నడిపి రెండు రన్‌లూ చేస్తే, మన మంచి గాలి, ఎండ ఉన్న స్థలాలు బయటి దేశాల కోసం ముందే కేటాయించడం వల్ల దేశంలోని వాడకందార్లకు ఖర్చు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడగాలి.

మోడల్ కట్టడం

ఉచితంగా దొరికే ఇంధన మోడలింగ్ సాఫ్ట్‌వేర్లలో పైప్సా (PyPSA), ఓసేమోసిస్ (OSeMOSYS) రెండూ మంచివి. గంటగంటకూ మారే కరెంటు ముఖ్యం కనుక నేను పైప్సానే సూచిస్తాను. మోడల్ సమీకరణాలకు జవాబు కనిపెట్టే సాల్వర్‌గా హైజ్ (HiGHS) ఉచితం, మొదటి మోడల్‌కు అది చాలు.

ప్రతి ప్రాంతానికీ కరెంటు, హైడ్రోజన్, అమ్మోనియా, ద్రవ ఇంధనం, పట్టిన కార్బన్ డయాక్సైడ్‌లకు ఒక్కో బస్ పెట్టండి. బస్ అంటే ప్రతి గంటా వచ్చేదీ పోయేదీ సరితూగాల్సిన కూడలి, లింక్ అంటే ఒక బస్‌లోనిదాన్ని ఇంకో బస్‌లోకి మార్చే యంత్రం. ఎలక్ట్రోలైజర్ అంటే కరెంటు బస్ నుంచి హైడ్రోజన్ బస్‌కు 0.64 సామర్థ్యంతో ఒక లింక్. అమ్మోనియా ప్లాంటు హైడ్రోజన్‌తో పాటు కాస్త కరెంటు కూడా తీసుకునే లింక్. మొదట దేశాన్ని అయిదు గ్రిడ్ ప్రాంతాలుగా తీసుకుని నడిపించండి. అది సవ్యంగా నడిచాకే రాష్ట్రాలుగా విడగొట్టండి. విద్యుత్ డేటా కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ నివేదికల్లో, పెట్రోలియం వాడకం కేంద్ర పెట్రోలియం శాఖ విభాగమైన పీపీఏసీ నెలవారీ పట్టికల్లో దొరుకుతుంది. ఎండ, గాలి గంటవారీ డేటాను ఈఆర్ఏ5 (ERA5) అనే వాతావరణ డేటా భాండారం నుంచి ఉచితంగా తీసుకోవచ్చు.

గంటల విషయంలో రాజీ పడకండి. ఏడాది సగటుతో చేసిన మోడల్‌లో ఎలక్ట్రోలైజర్ రోజంతా చవక కరెంటుతో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అలాంటి కరెంటు అసలు లేదు. 8,760 గంటలూ నడపడం భారమైతే మూడు గంటలకొక మెట్టు చొప్పున తీసుకోండి. నాలుగు నమూనా రోజులతో సరిపెట్టేస్తే మాత్రం వానాకాలం మాయమైపోతుంది. రాయలసీమలో గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా బలంగా వీస్తుంది. అదే నెలల్లో మబ్బుల వల్ల ఎండ తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తేనే ఎలక్ట్రోలైజర్ ఏడాది పొడుగునా తగినంత సేపు నడుస్తుంది. ఒక్క ఏడాది వాతావరణంతో ఆగకుండా, గాలి బలహీనంగా ఉన్న ఏడాదిని కూడా తీసుకోండి.

నిల్వ దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. యూరప్ మోడళ్లలో హైడ్రోజన్‌ను భూగర్భ ఉప్పు గుహల్లో నిల్వ చేస్తారు, అది చాలా చవక. ఆ కోడ్‌ను, ఖర్చుల పట్టికను యథాతథంగా తెచ్చుకుంటే దక్కన్ గట్టి రాతి కింద కూడా ఉప్పు గుహలు పుట్టుకొస్తాయి. మన దక్షిణాదిలో అలాంటి ఉప్పు పొరలు లేవు. ఉక్కు ట్యాంకుల ఖర్చే పెట్టండి. అప్పుడు మోడల్ వేరే తోవ పడుతుంది: హైడ్రోజన్‌ను కొన్ని గంటలకు మించి దాచకుండా అమ్మోనియాగా మార్చి, మైనస్ 33 డిగ్రీల ట్యాంకుల్లో వారాల తరబడి ఉంచుతుంది. కొన్ని చోట్ల అసలు కరెంటునే నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజ్‌లో, అంటే నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే చోట దాచి, ఎలక్ట్రోలైజర్‌కు నిలకడగా ఇస్తుంది. అమ్మోనియా సంశ్లేషణ యూనిట్‌ను రోజూ ఆపి మళ్లీ మొదలుపెట్టలేరు, కాబట్టి దానికి కనీస లోడ్ పరిమితి పెట్టడం మరవకండి.

ఖర్చులు, వడ్డీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎలక్ట్రోలైజర్ బిగింపుతో కలిపి కిలోవాట్‌కు 80,000 రూపాయలు, 20 ఏళ్ల జీవితం, 10 శాతం వడ్డీ, ఏటా 2 శాతం నిర్వహణ అనుకోండి. ఏడాదికి సుమారు 11,000 రూపాయల భారం. ఒట్టి సోలార్‌తో 30 శాతం సమయం నడిస్తే కిలోవాట్‌కు ఏడాదిలో 50 కిలోల హైడ్రోజన్ వస్తుంది, పెట్టుబడి వాటా కిలోకు 218 రూపాయలు. కరెంటు యూనిట్ 2.50 అయితే 130. మొత్తం 348. గాలి, ఎండ, కొంత నిల్వ కలిపి 60 శాతం సమయం నడిపితే పెట్టుబడి వాటా 109కి దిగుతుంది. కరెంటు 3.50కి ఎక్కినా మొత్తం 291. యూనిట్ ధర 4.60 దాటితే తప్ప రెండో దారే చవక. అన్నిటికన్నా చవకైన కరెంటు అన్నిటికన్నా చవకైన హైడ్రోజన్ ఇవ్వదని ఈ లెక్క చూపిస్తుంది.

2025లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకి నిర్వహించిన గ్రీన్ అమ్మోనియా వేలాల్లో మొదటి ధర కిలోకు 55.75 రూపాయలు పలికింది. దాన్ని 0.178తో భాగిస్తే, మొత్తం ఖర్చూ హైడ్రోజన్ మీదే వేసినా, కిలో హైడ్రోజన్‌కు 313 రూపాయలు. ఉత్పత్తిదారుకు మొదటి మూడేళ్లు ప్రోత్సాహకం అదనం. మీ మోడల్ నేటి పరిస్థితులకు 150 అని గానీ, 600 అని గానీ చెబితే డేటా మళ్లీ చూడండి.

వడ్డీ రేటును విదేశీ మోడల్ నుంచి అరువు తెచ్చుకోవద్దు. కిలోవాట్‌కు 40,000 రూపాయల సోలార్ ప్లాంటుకు 6 శాతం వడ్డీ అయితే యూనిట్ పెట్టుబడి భారం 1.43 రూపాయలు, 12 శాతం అయితే 2.33. ఈ ఒక్క తేడాయే కిలో హైడ్రోజన్ మీద 47 రూపాయలు అవుతుంది. ఎలక్ట్రోలైజర్ మీద పడే తేడా దానికి అదనం. ఎండ మనకు ఎంత దండిగా ఉన్నా, అప్పు ఖరీదైనదైతే ఆ లాభం అప్పుకే పోతుంది.

కార్బన్ ఎక్కడినుంచి వస్తుందో పట్టుకోండి

సింథటిక్ ఇంధనాల మోడళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రామగుండం ఎరువుల కర్మాగారాన్ని తీసుకోండి. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం. దానికి 7.2 లక్షల టన్నుల అమ్మోనియా, అంటే 1.28 లక్షల టన్నుల హైడ్రోజన్, 665 కోట్ల యూనిట్లు. ఇంతవరకు తేలికే. కానీ యూరియాకు 9.3 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. నేడు అది సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు దానంతట అదే వస్తోంది. గ్యాస్ తీసేస్తే అదీ పోతుంది. పక్కనే ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రం పొగ నుంచి పట్టుకోవచ్చు. అయితే యూరియా పొలంలో పడ్డాక ఆ కార్బన్ తిరిగి గాలిలోకే చేరుతుంది.

అందువల్ల కార్బన్ డయాక్సైడ్‌కు రెండు బస్‌లు పెట్టండి: శిలాజ మూలం నుంచి వచ్చినది ఒకటి, జీవ మూలం లేదా గాలి నుంచి వచ్చినది రెండోది. శిలాజ కార్బన్‌తో చేసిన ఇంధనాన్ని కాల్చినప్పుడు ఉద్గారం ఎవరో ఒకరి ఖాతాలో పడాలి. విద్యుత్ కేంద్రం "పట్టేశాం" అని, విమాన సంస్థ "మాది గ్రీన్ ఇంధనం" అని ఇద్దరూ తగ్గింపు రాసుకుంటే ఒకే టన్నును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. 2050 దాటాక బొగ్గు కేంద్రాలు మూతపడుతూ ఉంటే ఆ కార్బన్ సరఫరా కూడా తగ్గిపోవాలి. దీన్ని మరిచిన మోడల్ బొగ్గు కేంద్రాలను విమానాల కోసం బతికించి ఉంచుతుంది.

గ్రిడ్ కరెంటు నిబంధన

2023 ఆగస్టులో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాల లోపు ఉంటేనే అది గ్రీన్. మన గ్రిడ్ సగటు ఉద్గారం యూనిట్‌కు సుమారు 0.72 కిలోలు. మొత్తం గ్రిడ్ కరెంటుతో చేస్తే కిలోకు 37 కిలోలు వెలువడతాయి. సహజవాయువుతో చేసే మామూలు హైడ్రోజన్ అయితే 9, 10 కిలోలే. 52 యూనిట్లలో మూడు యూనిట్లు గ్రిడ్ సగటు కరెంటు కలిసినా 2 కిలోల గీత దాటిపోతుంది.

ఈ ప్రమాణాన్ని 12 నెలల సగటుగా చూస్తారు. కాబట్టి మూడు రన్‌లు చేయండి: ఎలక్ట్రోలైజర్ వాడిన కరెంటు, దానికోసం పుట్టిన సౌర, పవన కరెంటు సరిపోయాయా అన్నది ఏడాదికోసారి, నెలకోసారి, గంటగంటకూ చూసేవి. ప్రతిదాంట్లో హైడ్రోజన్ ఖర్చునూ, దేశం మొత్తం బొగ్గు వాడకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాది లెక్కలో పగటి సోలార్ మిగులు చూపించి, రాత్రి బొగ్గు కరెంటుతో నడిపే వీలుంటుంది. ఆ తేడా ఎంత పెద్దదన్నది గ్రిడ్‌లో మిగతా మార్పులు ఎంత వేగంగా జరుగుతున్నాయన్నదాని మీద ఉంటుంది. ఇలాంటి చోటే మోడల్ తన విలువ చూపిస్తుంది.

రన్‌లు, ఫలితాలు

మొదట లక్ష్యం పెట్టకుండా, ఉద్గార పరిమితి ఒక్కటే పెట్టి నడపండి. తర్వాత 50 లక్షల టన్నుల లక్ష్యం పెట్టి నడపండి. రెండిటి మొత్తం ఖర్చులో తేడాయే ఆ లక్ష్యానికి మనం చెల్లించే ధర. అది పెద్దదిగా వచ్చినంత మాత్రాన లక్ష్యం తప్పు అనకండి. దిగుమతి గ్యాస్ మీద ఆధారం తగ్గడం, దేశంలో ఎలక్ట్రోలైజర్ల పరిశ్రమ నిలదొక్కుకోవడం లాంటి లాభాలు మోడల్ లెక్కలో రావు. కానీ ధర ఎంతో తెలియకుండా చర్చ చేయడం సరికాదు.

హైడ్రోజన్ బస్ దగ్గర షాడో ధర చూడండి. ఇంకో కిలో అడిగితే దేశానికి అదనంగా పడే ఖర్చు అది. జులైలో ఎంత, నవంబరులో ఎంత, గుజరాత్‌లో ఎంత, ఆంధ్రాలో ఎంత అని గీసి చూస్తే, ప్లాంట్లు ఎక్కడ కట్టాలో, నిల్వ ఎక్కడ కావాలో అర్థమవుతుంది. ఏటా కట్టగలిగే సామర్థ్యానికి కూడా గరిష్ఠ పరిమితి పెట్టండి. లేకపోతే మోడల్ 2029లో ఏమీ కట్టకుండా 2030లో ఒక్కసారే 60 గిగావాట్లు కట్టేస్తుంది.

చివరగా వడ్డీ, ఎలక్ట్రోలైజర్ ధర, గ్యాస్ ధర, వాతావరణ సంవత్సరం, ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా మార్చండి, తర్వాత కలిపి మార్చండి. అన్ని రన్‌లలోనూ హైడ్రోజన్ నిలబడిన రంగాలు ఒక పట్టీ, ఏదో ఒక రన్‌లో మాత్రమే కనిపించినవి ఇంకో పట్టీ చేయండి. ఎరువులు, రిఫైనరీలు మొదటి పట్టీలో చేరే అవకాశం ఎక్కువ. కార్లు దేంట్లోనూ ఉండకపోవచ్చు. నివేదికలో ఒకే అంకె బదులు ఈ రెండు పట్టీలూ, మీ ఊహల పట్టికా, కోడూ కలిపి బయట పెట్టండి. మీ లెక్కను ఇంకొకరు వాళ్ల కంప్యూటర్‌లో నడిపి, వడ్డీ రేటు మార్చి, వేరే జవాబు తెచ్చి మీ ముందు పెట్టగలగాలి.